పోయిన పంట, మిగిలిన రైతు

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొని ప్రయోజన మేమని లోకము పరిహసించును. నిజమే. కాని కాలిన చేతికి మందు రాచుకొనవలదని యే సామెతయు చెప్పలేదు. పొరపాటు చేసిన రైతు తన్ను తాను క్షమించుకొనుట అట్టి మందు వంటిదని మా యభిప్రాయము.

1997వ సంవత్సరపు ఖరీఫులో వరంగల్లు జిల్లాయందు ప్రత్తి చేలపై లద్దెపురుగు పడెను. అకాల వర్షములును తోడయ్యెను. అరువిచ్చిన వర్తకుల మాట నమ్మి రైతులు మందుపై మందు చల్లిరి. మందులకు అలవాటుపడిన పురుగు చావలేదు. అప్పు మాత్రము పెరిగెను. ఆ యేడును మరుసటి యేడును అనేకులు ప్రాణములు తీసికొనిరి. అప్పు బరువే మోయరానిది. దానిపై "నా బుద్ధిహీనత వలననే యిల్లు మునిగినది" అను నింద చేరినచో మనిషి యెట్లు నిలుచును?

ఆ నింద యెంతవరకు న్యాయమో విచారింతము. అరువు తెచ్చినది రైతే. కాని వర్షము నతడు కురిపింపలేదు. మార్కెట్టు ధర యతని చేతిలోనిది కాదు. పురుగు మందునకు లొంగదని యతని కెవరును చెప్పలేదు. కావున మొదట పద్దు పుస్తకము తెరచి, తన వంతు తప్పు నొక ప్రక్కను, తనది కానిదానిని వేరొక ప్రక్కను వ్రాసికొనవలెను. తన వంతు ఒప్పుకొనవలెను, తక్కినది మోయనక్కరలేదు.

క్షమించుకొనుట యనగా అప్పు కొట్టివేసికొనుట కాదు. తన్ను తాను తిట్టుకొనువాడు సంఘ సమావేశమునకు రాక మొగము చాటువేయును, వాయిదా దాటించును, రహస్యముగా వేరొకచోట హెచ్చు వడ్డీకి తెచ్చును. ఒక తప్పు రెండగును. మనసు కుదుటపరచుకొన్నవాడు ఇంటివారికి నిజము చెప్పి, సంఘమునకు వచ్చి, గడువు కోరి, మరు పంటకు దారి వెదకును.

ఇది కేవలము నీతిబోధ కాదు. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులును పురుగుమందుల యప్పులలో చిక్కినవారే. వారు వేపగింజల కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు మొదలగు పద్ధతులు నేర్చి, 2004 నాటికి రసాయనిక పురుగుమందులను మానివేసిరి. జరిగినదానిని తలపోయుచు కూర్చుండినచో ఈ మార్పు కలిగెడిదా?

సోదరులారా! పొరుగు రైతు సమావేశమునకు రాకున్నచో బాకీ మాట యెత్తక ముందు అతని యోగక్షేమము లడుగుడు. ప్రాణము తీసికొను తలంపు కలిగినవారు ఆ క్షణముననే ఒకరితో చెప్పవలెను. టెలి మానస్ వారి 14416 నంబరునకు ఏ వేళనైనను రుసుము లేకుండ మాటాడవచ్చును. పంట పోయినను రైతు మిగిలినచో మరల ఏరువాక గలదు.