గడిలో కనిపించేది, గడిలో ఉన్నది

ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్‌ను ఆమూలాగ్రంగా వివరించే గ్రంథాలు వెయ్యి పేజీల దరిదాపుల్లో ఉండడం మామూలే. అంతటి పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదువుతూ మెనూలను కంఠస్థం చేయబూనితే కొద్ది రోజులకే విసుగు పుడుతుంది. అలాగని అవసరపడిన పేజీని మాత్రమే తిరగేస్తే పూట గడుస్తుంది గాని విద్య అబ్బదు. పాఠకులు తొందరపడి దాటేసే అధ్యాయాలు ఇందులో రెండుంటాయి: గడిలో సమాచారం ఏ రూపంలో నిలుస్తుందో చెప్పేది ఒకటి, గడుల చిరునామాలను గురించినది మరొకటి. తక్కిన గ్రంథం చాలావరకు ఈ రెంటి మీదే ఆధారపడుతుంది.

తెలుగునాట ఇంటి నంబర్లనే తీసుకుంటే మొదటి విషయం తేటపడుతుంది. తేదీని రోజు, నెల, సంవత్సరం క్రమంలో రాసే మన దేశపు అమరికలో ఉన్న కంప్యూటర్‌లో 6-3-12 అని ఇంటి నంబరు కొడితే, ఎక్సెల్ దాన్ని 2012 మార్చి 6గా భావించి తేదీగా మార్చేస్తుంది. పొరపాటు గమనించి ఆ గడిని టెక్స్ట్‌గా, అంటే లెక్కకు అందని ఉత్త అక్షరాలుగా, మార్చినా పాత నంబరు తిరిగి రాదు. 40974 అనే సంఖ్య కనిపిస్తుంది. 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కించి ప్రతి తేదీనీ రోజుల సంఖ్యగా దాచుకోవడం ఎక్సెల్ పద్ధతి కాగా, తెర మీద కనిపించే తేదీ ఆ సంఖ్యకు తొడిగిన వేషం మాత్రమే. (1900 లీపు సంవత్సరం కాకపోయినా, తనకన్నా ముందు వచ్చిన లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్‌తో పొంతన కోసం ఆ ఏట ఫిబ్రవరి 29 కూడా ఉన్నట్టే ఎక్సెల్ నేటికీ లెక్కిస్తుంది!) ఈ తేదీల బెడద శాస్త్రజ్ఞులనూ వదలలేదు, మానవ జన్యువుల పేర్లను ఖరారు చేసే సంఘం ‘సెప్ట్1’ వంటి పేర్లు సెప్టెంబరు తేదీలుగా మారిపోతున్నందున వాటినే మార్చవలసి వచ్చింది. అంకెలు నింపకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా నిర్ణయించుకోవడమే దీనికి మందు. పొడవాటి నంబర్లకూ ఇదే మందు: సంఖ్యలో మొదటి 15 అంకెలనే ఎక్సెల్ నిలుపుకుంటుంది కనుక, 16 అంకెల కార్డు నంబరును మామూలు సంఖ్యగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది.

ఇక చిరునామాల సంగతి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కోసం విసికాల్క్‌ను విడుదల చేసిన నాటి నుంచి స్ప్రెడ్‌షీట్ సత్తువంతా ఒక గడి మరో గడిని పేరుతో పిలవడంలోనే ఉంది. పన్ను రేటు ఎఫ్1లో, ధరలు బి2 నుంచి కిందికి ఉన్నప్పుడు, బి2ను ఎఫ్1తో హెచ్చించే సూత్రాన్ని కిందికి లాగితే అది బి3ను ఎఫ్2తో హెచ్చిస్తుంది. ఎఫ్2 ఖాళీ గడి అయితే పన్ను సున్నా వస్తుంది. సూత్రం ఎంత జరిగితే అంత జరిగే ఇటువంటి చిరునామాను సాపేక్షమంటారు. అక్షరానికీ అంకెకూ ముందు డాలరు గుర్తు పెడితే అది కదలని స్థిర చిరునామా అవుతుంది.

ఎక్సెల్‌లో మెనూల స్థానంలో రిబ్బన్ వచ్చింది 2007లో కాబట్టి, అంతకు ముందరి పుస్తకం చూసి బొత్తాములు వెతికేవారికి నిరాశ తప్పదు. పై రెండు అధ్యాయాలు మాత్రం ఆ పాత పుస్తకంలో చదివినా దాదాపు యథాతథంగా పనికొస్తాయి.