క్రోమోజోము పట్టుచోటు

పొలము హక్కు రెండు విధముల నిలుచునని మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకటి దస్తావేజుచేత, రెండవది తరతరముల అనుభవముచేత. మన దేహములోని జీవకణములందును ఇట్టి తగవే యొకటి కలదు. నేడు దానిని గూర్చి ముచ్చటింపదలచితిని.

మనుష్యుని కణములో సాధారణముగా 46 క్రోమోజోములుండును. సగము తల్లివి, సగము తండ్రివి. వంశలక్షణములను మోయు జన్యువులు వీనియందే యున్నవి. కణము రెండుగా చీలుటకు ముందు ప్రతి క్రోమోజోమునకు నకలు తయారగును. పిదప కదురువలె నేర్పడిన సన్నని పోగులు జంటలోని యొక్కొక్క దానిని ఒక్కొక్క దిక్కునకు లాగికొనిపోవును. ఆ పోగులు పట్టుకొనునది ఒక్కచోటనే. నడుము నొక్కినట్లు సన్నగా కనబడు ఆ చోటునకు సెంట్రొమియరని పేరు. జర్మను పండితుడు వాల్తర్ ఫ్లెమింగు 1882లోనే ఈ నొక్కును వర్ణించెను.

పట్టుచోటు లేని క్రోమోజోము పలుపు తెగిన దూడవలె ఎటో పోవును. రెండున్నను ముప్పే. అట్టిది ఇరుదిక్కులకు లాగబడి నడుమ తెగుననియు, తెగిన కొనలు మరల అతుకుకొని మరల తెగుననియు అమెరికాలో బార్బరా మెక్లింటాకు 1930ల చివర మొక్కజొన్నయందు చూపెను. పంపకము తప్పిన ఫలము మనుష్యులలోను కలదు. 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడైన బిడ్డకు బుద్ధిమాంద్యము కలుగునని 1959లో తేలినది. ఇది తల్లి పాపమనువారు ఇంకను గలరు. అది అన్యాయపు మాట. చాలవరకు అండము ఏర్పడునపుడు జరిగిన పంపకపు లోపమే దానికి కారణము.

మరి ఆ చోటును నిర్ణయించున దెవరు? రొట్టెపిండిని పొంగించు ఈస్టునందు ఇది దస్తావేజు వ్యవహారమే. సుమారు 125 అక్షరముల డీ.ఎన్.ఏ. వ్రాత యెచట నున్నదో అచటనే పట్టుచోటు. అందొక ముఖ్యాక్షరము మారినచో హక్కు పోవును. మనుష్యులలోనో, 171 అక్షరముల వాక్యమొకటి వేలమార్లు వల్లెవేసినట్లుండును. ఇదియే దస్తావేజని తోచును. కాని 1993లో ఆస్ట్రేలియా పరిశోధకులు, 10వ క్రోమోజోము ముక్కపై, ఆ వాక్యము లేనిచోట, పట్టుచోటు చక్కగా పనిచేయుటను ప్రకటించిరి. ఇట్టివి తరువాత నూటికి పైగా కనబడినవి. విపరీతముగా, రెండు క్రోమోజోములు అతుకుకొన్నపుడు, వ్రాత చెక్కుచెదరకున్నను ఒకచోటు తరచుగా మూగవోవును. పత్రము పెట్టెలో భద్రము. పొలము అనుభవములో లేదు!

ఆ అనుభవదారు సెంప్-ఏ అను మాంసకృత్తు. డీ.ఎన్.ఏ. పోగు హిస్టోనులను కండెలపై చుట్టుకొనియుండును. పట్టుచోటునందలి కొన్ని కండెలలో మామూలు హిస్టోను బదులు ఇది కూర్చుండును. నకలు తయారగునపుడు ప్రాతవి రెండింటికిని పంచబడుటచే ఒక్కొక్కదానికి సగమే మిగులును. కణము చీలిన పిమ్మట, ప్రాతవి యున్నచోటనే క్రొత్తవి చేర్చబడి లోటు పూడును. అక్షరము మారకయే గుర్తు వారసత్వముగా వచ్చును. ఇట్టిదానినే ఎపిజెనెటిక్సు అందురు. వ్రాత వ్యర్థమని మాత్రము నేననను. ఆ వాక్యములున్నచోట అనుభవము సులువుగా కుదురుకొనును.

ఇది రైతునకు సంబంధించిన మాట కూడ. 2010లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయమున మారుతాచలం రవి, సైమన్ చాన్ అనువారు, ఆవజాతికి చెందిన యొక చిన్నమొక్కలో ఈ మాంసకృత్తును మార్చి, దానిని మామూలు మొక్కతో సంకరము చేసిరి. సంతానములో కొన్నిటియందు, మార్చబడిన మొక్కనుండి వచ్చిన క్రోమోజోములన్నియు జారిపోయి, రెండవదానివే మిగిలినవి. అట్టి ఒంటిపేట మొక్క క్రోమోజోములను రెట్టింపు చేసినచో, లక్షణము చెదరని శుద్ధమైన విత్తనము వచ్చును. మామూలు పద్ధతిలో ఇందుకు ఆరేడు తరముల పంట పట్టును. ఈ ఉపాయము తరువాత మొక్కజొన్నయందును గోధుమయందును ఫలించినది.