కాపలా కళ్లకు కాస్త కునుకు!

రాత్రి రెండు గంటలు. ఇల్లంతా నిద్రపోతోంది. టక్... గడియ తీసిన చప్పుడు! కోడలు ఉలిక్కిపడి లేచి పరుగెత్తేసరికి మామగారు వీధి గుమ్మంలో ఉన్నారు. భుజాన తువ్వాలు. కాళ్లకి చెప్పుల్లేవు.

‘ఎక్కడికి మామయ్యా, ఈ వేళప్పుడు?’

‘ఇంటికమ్మా... మా అమ్మ ఎదురుచూస్తుంటుంది.’

ఆయనకి 78 ఏళ్లు. వెళ్లిపోతానంటున్నది తాను కట్టించిన ఇంట్లోంచే!

డిమెన్షియా ఉన్నవారి ఇళ్లలో ఇలాంటి రాత్రులు చాలానే ఉంటాయి. పెద్దాయన పగలు ఓ కునుకు తీస్తారు. కోడలికి ఆ వీలేదీ? తెల్లారితే పాలు, పిల్లల క్యారియర్లు, ఆఫీసు. రాత్రయితే మళ్లీ కాపలా.

మనదేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా. ప్రపంచవ్యాప్తంగా చూస్తే, ఇలాంటివారి కోసం కుటుంబసభ్యులూ సన్నిహితులూ రోజుకి సగటున 5 గంటలు వెచ్చిస్తున్నారని 2019 నాటి లెక్కలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సేవలో 70 శాతం ఆడవాళ్లదే. రోగికి మందులుంటాయి. మరి చూసుకునేవారికి? వాళ్లకి కావలసిన మొదటి మందు నిద్ర. ఇంట్లో అమర్చుకునే చిన్న చిన్న పరికరాలు ఆ నిద్రనే కొంత తిరిగి ఇవ్వగలవు.

మనవడి మేజోడు

న్యూయార్క్ కుర్రాడు కెన్నెత్ షినోజుకా తాతకి అల్జీమర్స్. రాత్రుళ్లు లేచి ఎటో వెళ్లిపోయేవారు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండేవారికి కంటిమీద కునుకు ఉండేది కాదు. ఓ రాత్రి తాత మంచం దిగుతుండగా చూశాడు మనవడు. పాదం నేలకి ఆనగానే తెలిసిపోతే చాలు కదా అనిపించింది. పల్చటి సెన్సర్‌ని మేజోడుకి అమర్చాడు. పాదం బరువు నేలమీద పడగానే ఫోను మోగుతుంది. ఈ ఆవిష్కరణకే 2014లో గూగుల్ సైన్స్ ఫెయిర్‌లో బహుమతి అందుకున్నాడు. అప్పటికి అతడి వయసు పదిహేనేళ్లు!

అతడు తాత జబ్బుని నయం చేయలేదు. ఆయన కదలకుండా కట్టడీ చేయలేదు. లేవాల్సిన క్షణంలోనే కాపలా మనిషిని లేపాడు... అంతే. మిగతా రాత్రంతా నిద్రపోనిచ్చాడు.

మనిళ్లలో ఏం చేయొచ్చు?

తలుపు గంట: అయస్కాంతంతో పనిచేసే చిన్న సెన్సర్. ఒక ముక్క తలుపుకి, ఇంకోటి ద్వారబంధానికి. రెండూ విడిపోతే మోత మోగుతుంది. వందల రూపాయల్లోనే దొరుకుతుంది, సాదా రకానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. కానీ తలుపుకి తాళం వేసి పెద్దవాళ్లని ఒంటరిగా ఇంట్లో వదిలివెళ్లొద్దు. మంటలు రేగితే బయటపడే దారుండదు.

దారి దీపం: మనిషి కదిలితే తనంతట తనే వెలిగే లైటు. మంచం నుంచి బాత్రూము దాకా పెడితే చీకట్లో పడిపోయే ప్రమాదం తగ్గుతుంది.

పొయ్యి జాగ్రత్త: కాసేపయ్యాక గ్యాస్‌ని ఆపేసే టైమరు వాల్వులున్నాయి. అవి లేకపోయినా, పని అవగానే సిలిండరు దగ్గర రెగ్యులేటర్ కట్టేయడం ఖర్చులేని ఉపాయం.

జీపీఎస్ వాచీ: దారి తప్పితే ఎక్కడున్నారో ఫోనులో కనిపిస్తుంది. ఛార్జింగ్ అయిపోతే మాత్రం అది ఉత్త వాచీయే. అందుకే చొక్కా జేబులో ఇంటి ఫోను నంబరున్న కాగితం కూడా ఉంచాలి.

గుర్తుచేసే గొంతు: స్మార్ట్ స్పీకరు వేళకి మందులు గుర్తుచేస్తుంది. అయితే మనిషి కనబడకుండా మాట వినిపిస్తే కొందరు బెదిరిపోతారు. ముందు ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పెట్టి చూడాలి.

వైఫైతో నడిచేవి కరెంటు పోతే ఆగిపోతాయి. రూటర్‌కి ఇన్వర్టర్ కనెక్షన్ ఇవ్వడం మరవొద్దు.

కెమెరా ఎవరి మీద?

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ముందుగా వచ్చేది కెమెరానే. డల్లాస్‌లో కూర్చుని ఫోన్లో చూస్తూ ‘అమ్మకి ఇంకా కాఫీ ఇవ్వలేదేం వదినా?’ అని మరిది అడిగితే ఆ వదినకి ఎలా ఉంటుంది? కాపలా అత్తగారికా, తనకా అనిపించదూ!

అదే కెమెరాని ఇంకోలా వాడుకోవచ్చు. ఇక్కడ రాత్రి రెండయితే అక్కడ మధ్యాహ్నం. తలుపు గంట సమాచారం ముందుగా ఆ మరిది ఫోనుకే వెళ్లేలా పెట్టుకుని, వారంలో రెండు రాత్రులు తన వంతు తీసుకుంటే? మంచినీళ్లకి లేచి మళ్లీ పడుకుంటే ఎవర్నీ లేపక్కర్లేదు. గుమ్మం వైపు నడిస్తేనే వదినకి ఫోను. వేల మైళ్ల దూరం నుంచి చేయగల సేవ ఇది! బాత్రూములో, బట్టలు మార్చుకునే చోట మాత్రం కెమెరా వద్దేవద్దు. మరపు వచ్చినంత మాత్రాన మర్యాద పోకూడదు.

గంట మోగాక...

పరికరాలుంటే అన్నీ అయిపోతాయనుకోవద్దు. బ్రిటన్‌లో డిమెన్షియా ఉన్న 495 మందితో పెద్ద పరిశోధన చేశారు. సగంమంది ఇళ్లలో అవసరాన్నిబట్టి రకరకాల పరికరాలు అమర్చారు. మిగతావారికి మామూలు అలారం లాంటివే ఇచ్చారు. 2021లో ఫలితాలొచ్చాయి. పరికరాలు ఎక్కువున్నవారు ఇంటిపట్టున ఎక్కువకాలం ఉండగలిగిందీ లేదు, చూసుకునేవారి భారం చెప్పుకోదగ్గంతగా తగ్గిందీ లేదు.

గంట మోగించడం వరకే యంత్రం పని. మోగాక లేచి వెళ్లాల్సింది మనిషే. ఆ లేచే మనిషి రోజూ ఒక్కరే అయితే ఎన్ని కొన్నా ఉపయోగం ఉండదు. అందుకే పరికరం కొనేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని వంతులు వేసుకోవాలి. దిక్కుతోచకపోతే పెద్దల సహాయవాణి 14567కి, మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416కి ఫోను చేయొచ్చు.

ఇంతకీ ఆ రాత్రి కోడలు ‘ఇదే మీ ఇల్లు’ అని వాదించలేదు. ‘అలాగే వెళదాం మామయ్యా, తెల్లారనివ్వండి. ముందు కాసిని మంచినీళ్లు తాగండి’ అంటూ చేయి పట్టుకుంది. ఆయన బుద్ధిగా వెనక్కి నడిచారు.

ఆ మాట చెప్పే యంత్రం ఇంకా రాలేదు. ఆ మాట చెప్పే ఓపిక మిగలాలంటే... ఆమెకి నిద్ర కావాలి.