వీసా ఉంది కదా, మరి ఎందుకు రాదు?

మరిపెడ బంగ్లా సెంటర్‌లో ఎవరిని ఆపి అడిగినా అమెరికా పోవాలంటే వీసా కావాలని చెప్తారు. అది రావాలని చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది. అంతటితో పని అయిపోయిందనుకుంటారు. మూడేళ్ల తర్వాత మొదలయ్యే రెండో కథ గురించి మా ఊళ్లో ఎవరికీ తెలీదు. పోయిన అక్టోబర్ వరకు నాకూ పెద్దగా తెలీదు.

2025 అక్టోబర్‌లో మా నాయినమ్మ చనిపోయింది. డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్న మా అక్క, అంటే పెదనాన్న కూతురు, రాలేదు. చిన్నప్పుడు నాయినమ్మ దగ్గరే పెరిగిన పిల్ల. పదకొండో రోజు భోజనాల దగ్గర ఒక పెద్దావిడ అందరూ వినేటట్టు అననే అన్నది: "వీసా ఉందంటిరి గదా, పైసలున్నయి గదా, మరెందుకు రాలేదట?" పెదనాన్న ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు. అదే రోజు రాత్రి నన్ను పిలిచి, "నువ్వు కంప్యూటర్ చదువుతున్నవు గదరా, అసలు సంగతేందో నాకు సాఫ్‌గా చెప్పు" అన్నాడు. కంప్యూటర్ సైన్స్‌కీ ఇమ్మిగ్రేషన్ చట్టానికీ ఏం సంబంధమో నన్ను అడగకండి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివేవాడు ఒక్కడుంటే టీవీ రిమోట్ నుంచి బ్యాంకు ఫారం దాకా అన్నీ వాడివే. సరే, కూర్చుని చదివాను, అక్కతో గంటలు గంటలు మాట్లాడాను. మన క్యాంపస్‌లో సగం మందికి అన్నో అక్కో బావో అక్కడ ఉన్నారు, మిగతా సగం మంది పోవాలనుకుంటున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మనవాళ్లందరూ "వీసా" అనే ఒక్క మాటతో పిలిచేది నిజానికి మూడు వేర్వేరు కాగితాలు. మొదటిది కంపెనీకి వచ్చే ఆమోదం. "ఈ మనిషిని ఈ ఉద్యోగంలో పెట్టుకుంటాం" అని కంపెనీ ఐ-129 అనే ఫారం వేస్తుంది. యూఎస్‌సీఐఎస్ ఒప్పుకుంటే ఐ-797 అనే నోటీసు వస్తుంది. రెండోది పాస్‌పోర్టులో అంటించే వీసా స్టాంపు. ఇది కాన్సులేట్ ఇస్తుంది. మూడోది ఐ-94. అమెరికాలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో అధికారి ఎప్పటిదాకా ఉండొచ్చో రాసే రికార్డు ఇదే, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. దేశంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. స్టాంపు పని తలుపు కొట్టనివ్వడం వరకే.

సీఎస్ఈ వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. స్టాంపు అంటే లాగిన్ పేజీ తెరిచే హక్కు, ఐ-94 అంటే సెషన్. సెషన్ నడుస్తున్నంతసేపు లాగిన్ పేజీ డౌన్ అయినా నీకు నొప్పి లేదు. అందుకే స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయినా అక్కడ హాయిగా, పూర్తిగా చట్టబద్ధంగా ఉద్యోగం చేసుకునేవాళ్లు చాలా మంది ఉన్నారు. ఒక్కసారి లాగౌట్ అయ్యారా, అంటే దేశం దాటారా, మళ్లీ లాగిన్ పేజీ దగ్గర నిలబడాల్సిందే.

హెచ్-1బి మొదట మూడేళ్లకి ఇస్తారు, తర్వాత ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు, మొత్తం ఆరేళ్లు. గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే 2000లో వచ్చిన చట్టం ప్రకారం ఆరేళ్ల తర్వాత కూడా పొడిగింపులు దొరుకుతాయి. మనదేశం వాళ్ల గ్రీన్ కార్డు క్యూ ఎంత పొడుగో తెలిసిందే కాబట్టి, మనవాళ్లు ఈ పొడిగింపుల మీదే బతుకుతారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదమైన హెచ్-1బిల్లో 71 శాతం దాకా భారతీయులవే. అంటే ఈ పెండింగ్ బాధ ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా మన ఇళ్లలోనిది.

మా అక్క లెక్క ఇది. ఆమె మొదటి హెచ్-1బి, స్టాంపు, ఐ-94 మూడూ 2025 సెప్టెంబర్ 30తో అయిపోయాయి. కంపెనీ జూలైలోనే పొడిగింపుకి వేసింది, కానీ మామూలు పద్ధతిలో. గడువు లోపల వేశారు కాబట్టి 240 రోజుల రూల్ వర్తిస్తుంది. అదే కంపెనీలో, ఐ-94 గడువు దాటాక 240 రోజుల వరకు, నిర్ణయం వచ్చేదాకా పని చేసుకోవచ్చు. అక్కకి అది 2026 మే 28 దాకా వస్తుంది. మధ్యలో కాదన్నారంటే మాత్రం ఆ రోజుతోనే పని ఆపేయాలి. జీతం వస్తుంది, అద్దె కడుతుంది, అంతా మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చేతిలో ఉన్నది మాత్రం ఒక రసీదు.

పెదనాన్నకి ఇక్కడే కష్టమైంది. "ఉండనిస్తున్నరు, పని జేయనిస్తున్నరు, మరి వచ్చి పోనీకేమైంది?" అన్నాడు. సెషన్, లాగిన్ అంటే ఆయనకి ఎక్కదు. చివరికి దొరికిన పోలిక మా చెల్కదే. తాత పోయాక ఆ రెండెకరాలు పెదనాన్న పేరు మీదికి మారడానికి పెట్టిన విరాసత్ దరఖాస్తు చాన్నాళ్లు పెండింగ్‌లో ఉండింది. ఆ రోజుల్లో ఆ భూమిని ఆయన దున్నాడు, పత్తి వేశాడు, పంట అమ్ముకున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. కానీ భూమి అమ్ముదామంటే, బ్యాంకులో పెట్టి లోన్ తీసుకుందామంటే "పాస్‌బుక్ ఏదీ?" అన్నారు. అక్కది కూడా అంతే. లోపల ఉన్నంతకాలం దున్నుకోవచ్చు, గట్టు దాటితే పాస్‌బుక్ అడుగుతారు. ఇది చెప్పగానే పెదనాన్న "అట్లనా" అన్నాడు. ఎందుకో తెలీదు, ఆ ధరణి పోలిక తర్వాత ఆయన మళ్లీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇప్పుడు అక్క అక్టోబర్‌లో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఒక్కో అడుగు చూద్దాం. స్టాంపు అయిపోయింది కాబట్టి తిరిగి వెళ్లాలంటే కొత్త స్టాంపు కావాలి. కొత్త స్టాంపుకి ఆమోదమైన ఐ-797 కావాలి, అదింకా రాలేదు. వచ్చేదాకా ఇక్కడే ఉండాలి. వచ్చాక కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. హైదరాబాద్ కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడ పెద్ద క్యాంపస్‌కి మారింది. భవనం పెరిగిందని స్లాట్లు వెంటనే దొరకవు. ఇంతకుముందు రెన్యువల్ చేయించుకునే చాలామందికి ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వెళ్లే డ్రాప్‌బాక్స్ ఉండేది. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బి వాళ్లకి అది పోయింది. అదే నెలలో ఇంకో సూచన వచ్చింది: సొంత దేశంలోనో, నివాసం ఉన్న దేశంలోనో మాత్రమే అప్లై చేయాలని. మూడో దేశానికి వెళ్లి స్టాంపు వేయించుకుని వచ్చే దారీ మూసుకుపోయింది.

అసలు భయం ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు, అప్పటి రేటులో దాదాపు 88 లక్షల రూపాయలు, సెప్టెంబర్ 21 నుంచి అమలు. మొదటి రోజు అది ఎవరికి వర్తిస్తుందో ఎవరికీ అర్థం కాలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇండియా రావడానికి విమానం ఎక్కి కూర్చున్న కొందరు దిగిపోయారని వార్తలొచ్చాయి. మర్నాడు ఇది కొత్త దరఖాస్తులకే అన్నారు. అక్టోబర్ 20న యూఎస్‌సీఐఎస్ ఇంకొంచెం వివరంగా చెప్పింది: అమెరికాలోనే ఉండి చేయించుకునే పొడిగింపులకి ఈ ఫీజు లేదు. అయితే ఆ మనిషి పొడిగింపుకో, స్టేటస్ మార్పుకో అర్హుడు కాడని తేలితే ఫీజు వర్తిస్తుంది. ఉదాహరణగా వాళ్లు రాసిందేమిటంటే, స్టేటస్ మార్పు దరఖాస్తు తేలకముందే దేశం వదిలి వెళ్లడం. అక్కది స్టేటస్ మార్పు కాదు, పొడిగింపే. అయినా అంత పెద్ద అంకె పక్కన పెట్టి "పర్లేదు, వెళ్లిరా" అనే ధైర్యం వాళ్ల కంపెనీ లాయర్‌కి లేకపోయింది. నాకు ఆ లాయర్ మీద కోపం రాలేదు. నాయినమ్మ పోయింది వివరణ రాకముందే. ఆ రెండు మూడు వారాల్లో ఎవరు ఏం చెప్పినా అది ఊహే.

ఎంఎస్‌కి పోయే సీనియర్లు ఆ స్టేటస్ మార్పు సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్-1 మీద ఓపీటీలో ఉండగా లాటరీలో పేరొచ్చి, హెచ్-1బికి మారే దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నప్పుడు దేశం దాటితే, ఆ మార్పు దరఖాస్తుని వదులుకున్నట్టే లెక్క. ఇది కొత్త రూల్ కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. ఇంతకుముందైతే ఇండియాలో స్టాంపు వేయించుకుని వెళ్లేవారు, అంతే తేడా. ఇప్పుడు ఆ తేడా ఖరీదు లక్ష డాలర్లు కావచ్చు. చెల్లి పెళ్లి ఉందని, పండగ ఉందని టికెట్ బుక్ చేసేముందు ఒక్కసారి ఆగండి.

పెండింగ్‌లో ఉంటే అసలు ఎవరూ కదలకూడదని కాదు. పాత స్టాంపు, పాత ఆమోదం రెండింటికీ ఇంకా గడువుంటే వాటి మీదే వచ్చి, వాటి మీదే తిరిగి వెళ్లొచ్చు. కంపెనీ వేసిన పిటిషన్ అక్కడ నడుస్తూనే ఉంటుంది. చిక్కు తర్వాత వస్తుంది. తిరిగి వెళ్లినప్పుడు ఎయిర్‌పోర్టులో పాత తేదీతోనే ఐ-94 ఇస్తారు. అటు పొడిగింపు ఆమోదం కాగితం కింద కూడా ఒక ఐ-94 ముక్క ఉంటుంది, దాని మీద కొత్త తేదీ ఉంటుంది. రెండింట్లో ఏది చెల్లుతుంది? మామూలుగా చివరగా ఇచ్చినది. అంటే ఆమోదం ముందు వచ్చి, ప్రయాణం తర్వాత జరిగి, అధికారి పాత స్టాంపు చూసి పాత తేదీ వేస్తే, చేతిలో మూడేళ్ల ఆమోదం ఉండి కూడా కొన్ని నెలలకే గడువు దాటిపోతుంది. మన భాషలో ఇది లాస్ట్ రైట్ విన్స్. కొత్త డేటాని పాత డేటా ఓవర్‌రైట్ చేసేసింది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

నవంబర్‌లో కంపెనీ చివరికి ప్రీమియం ప్రాసెసింగ్‌కి ఒప్పుకుంది. అదనపు ఫీజు కడితే 15 పని దినాల్లో జవాబిచ్చే పద్ధతి అది. ముందే మామూలుగా వేసిన ఫైల్‌ని కూడా మధ్యలో దీనికి మార్చుకోవచ్చు. ఇది అక్టోబర్ మొదట్లోనే ఎందుకు చేయలేదని నేను అడిగితే అక్క "బడ్జెట్ అన్నారు" అని ఊరుకుంది. ఆమోదం వచ్చింది, 2028 సెప్టెంబర్ 30 దాకా. స్టాంపు లేదు. సంక్రాంతికి వద్దామని స్లాట్ల కోసం చూస్తుండగానే, హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలిస్తామని, అది డిసెంబర్ 15 నుంచి మొదలని ప్రకటన వచ్చింది. దాంతో మనదేశంలో ఆ తర్వాతి తేదీలకున్న ఇంటర్వ్యూలు గుంపులుగా వాయిదా పడ్డాయి, చాలామందికి మార్చికి, ఇంకా ఆ తర్వాతికి. అప్పటికే సెలవు పెట్టి ఇండియాలో దిగినవాళ్లు ఇక్కడే ఇరుక్కున్నారు. పాత తేదీకి వస్తే లోపలికి రానివ్వమని ఎంబసీ బహిరంగంగానే చెప్పింది. అక్క అప్పటికి టికెట్ కొనలేదు.

2020లో కూడా ఇలాగే అయింది. జూన్ 22న వచ్చిన ప్రకటనతో కొత్తగా హెచ్-1బి స్టాంపు కావాల్సినవాళ్ల రాక ఆగిపోయింది. 2021 మార్చి 31 దాకా అలాగే ఉంది. తండ్రి పోయాడని వచ్చి పెళ్లాం పిల్లలు అక్కడ, తను ఇక్కడగా నెలల తరబడి ఉన్నవాళ్ల కథలు అప్పట్లో పేపర్లలో చదివాం.

ఇంత తిప్పలు లేకుండా అమెరికాలోనే స్టాంపు వేయవచ్చు కదా అని నాకూ అనిపించింది. 2004 దాకా వేసేవారు! వేలిముద్రలు తీసుకోవాలనే నిబంధన వచ్చాక ఆపేశారు. మళ్లీ 2024 జనవరి 29 నుంచి ఏప్రిల్ 1 వరకు పైలట్‌గా 20 వేల దరఖాస్తులకి పెట్టారు. అందులోనూ ఇండియాలో స్టాంపు వేయించుకున్నవాళ్లలో 2021 ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ లోపు తీసుకున్నవాళ్లకే. ఒక దేశం ఇరవై ఏళ్ల కింద మామూలుగా చేసిన పనిని ప్రయోగం అని పిలవడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది.

ఎవరైనా మీ ఇంట్లో "ఎప్పుడొస్తవ్?" అని ఫోన్‌లో అడుగుతుంటే, ఆ ప్రశ్న పక్కన ఇంకొన్ని అడగండి. స్టాంపు ఎప్పటిదాకా ఉంది, ఐ-94 ఎప్పటిదాకా ఉంది, పెండింగ్‌లో ఏమైనా ఉందా, ఉంటే ప్రీమియమా కాదా. పాస్‌పోర్టు గడువు కూడా అడగండి. అది వీసా కంటే ముందే అయిపోతుంటే ఎయిర్‌పోర్టులో చాలాసార్లు ఐ-94ని పాస్‌పోర్టు తేదీకే కత్తిరించేస్తారు, చాలామంది చూసుకోరు. అమెరికాలో దిగిన రోజే ఐ-94 సైట్ తెరిచి తేదీ చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. అక్క పాస్‌పోర్టు 2027లో అయిపోతుంది. ముందు అది రెన్యువల్ చేయించుకుని, తర్వాతే స్టాంపుకి వస్తానంటోంది. నాయినమ్మ సంవత్సరీకానికల్లా అవుతుందో లేదో.