తుపాకి ఆగితే సరా? అపోహలు – వాస్తవాలు

గుడియాత్తం, రాయవేలూరు ప్రాంతాల వాళ్ళకు మేల్‌మొణవూరు కొత్త పేరు కాదు. శ్రీలంక తమిళ శరణార్థుల కోసం తమిళనాడు అంతటా కట్టదలచిన 3,510 ఇళ్ళకు 2021 నవంబరు 2న ముఖ్యమంత్రి స్టాలిన్ శంకుస్థాపన చేసింది అక్కడే. పూర్తయిన 1,591 ఇళ్ళను 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిందీ అక్కడే. ఆ వీధుల వాళ్ళ గురించీ, యుద్ధాల నుంచి తేరుకుంటున్న ఆఫ్రికా దేశాల గురించీ టీకొట్ల దగ్గర రకరకాల మాటలు వినిపిస్తుంటాయి. వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: యుద్ధం అయిపోయింది కదా, ఇక తిరిగి వెళ్ళిపోవచ్చు.

వాస్తవం: శ్రీలంకలో యుద్ధం 2009 మేలో ముగిసింది. కానీ శరణార్థుల రాక 1983 జూలై అల్లర్లతోనే మొదలైంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, పిల్లల్ని కన్నవాళ్ళకు ఆ దేశం పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే. తిరిగి వెళ్ళిన కుటుంబాలూ ఉన్నాయి. అయితే వెళ్ళేవాళ్ళకు అక్కడ నేల ఉండాలి, ఆ నేలలో మందుపాతర ఉండకూడదు. మొజాంబిక్‌నే చూడండి. 1992 అక్టోబరులో శాంతి ఒప్పందం కుదిరితే, మందుపాతరలు లేని దేశంగా ప్రకటించుకోవడానికి 2015 దాకా పట్టింది. సంతకం ఒక్కరోజు పని. రైతు భయం లేకుండా నాగలి పట్టడానికి ఇరవైమూడేళ్ళు.

అపోహ: శరణార్థి శిబిరమంటే ఎల్‌టీటీఈ పులుల స్థావరం.

వాస్తవం: ఈ మాటకు రాయవేలూరు కోట ఒక కారణం. 1995 ఆగస్టులో కోటలోని టిప్పు మహల్ నుంచి 43 మంది ఎల్‌టీటీఈ బందీలు సొరంగం తవ్వి పారిపోయారు. అయితే అది అనుమానితులను నిర్బంధించిన ప్రత్యేక శిబిరం. రాష్ట్రంలో వందకు పైగా ఉన్న మామూలు శిబిరాలు వేరు. అక్కడ ఉండేవి కుటుంబాలు. మగవాళ్ళలో చాలామంది గోడలకు రంగులు వేసే పనికి పోతారు. 2021లో ప్రభుత్వం వీటి పేరును ‘పునరావాస శిబిరాలు’గా మార్చింది.

అపోహ: వాళ్ళు పరాయి దేశస్థులు, మనకేం సంబంధం?

వాస్తవం: బ్రిటిష్ కాలంలో సిలోన్ (నేటి శ్రీలంక) తోటలకు కూలీలను కంగాణీలనే మేస్త్రీలు తీసుకెళ్ళిన జిల్లాల్లో మన పాత ఉత్తర ఆర్కాడు ఒకటి. 1948 సిలోన్ పౌరసత్వ చట్టంతో ఆ తోట కూలీల్లో అత్యధికులు ఏ దేశానికీ చెందనివాళ్ళయ్యారు. 1964లో రెండు దేశాల ప్రధానులు శాస్త్రి, సిరిమావో చేసుకున్న ఒప్పందం వాళ్ళను లెక్కగట్టి రెండు దేశాలకూ పంచింది. తోటలు వదిలి శ్రీలంక ఉత్తర ప్రాంతానికి చేరి, యుద్ధంలో చిక్కుకుని శరణార్థులైన కుటుంబాలు ఈ శిబిరాల్లో తక్కువేం కాదు. అంటే తాతలు ఓడెక్కిన నేలకే మనవళ్ళు శరణార్థులుగా వచ్చారు.

అపోహ: ఆఫ్రికాలో యుద్ధం తర్వాత న్యాయమంటే పగ తీర్చుకోవడమే.

వాస్తవం: 1994 నరమేధం తర్వాత రువాండా జైళ్ళు కిక్కిరిశాయి. మామూలు కోర్టులతో ఆ కేసులు తేలడానికి తరాలు పట్టేది. అందుకే ఊరి పెద్దలు పచ్చిక మీద కూర్చుని తీర్పు చెప్పే ‘గచాచా’ సంప్రదాయాన్ని చట్టబద్ధం చేశారు. మన రచ్చబండకు చుట్టమే. దాదాపు 12,000 గచాచాలు 2012లో మూతపడేసరికి 19 లక్షలకు పైగా కేసులు తేల్చాయి. అలాగని లోపాలు లేవనలేం. నిందితులకు వకీలు ఉండేవాడు కాదు. గెలిచిన పక్షం సైనికుల నేరాలు విచారణకే రాలేదు.

అపోహ: బయటివాళ్ళు వచ్చి నిలబెడితేనే పాలన నిలుస్తుంది.

వాస్తవం: లైబీరియాలో ఐరాస తరఫున 2007 నుంచి 2016 దాకా భారత మహిళా పోలీసు దళం కాపలా కాసింది. దాని సేవ చిన్నది కాదు. అయితే 2003లో లేమా బోవీ వెంట రోడ్డెక్కి శాంతి కోసం పట్టుబట్టింది అక్కడి ఆడవాళ్ళే. తర్వాత ఎలెన్ జాన్సన్ సర్లీఫ్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నదీ ఆ దేశ ప్రజలే. మన దగ్గరా అంతే. శరణార్థుల చదువు, ఆరోగ్యం చూసుకునే ‘ఓఫర్’ సంస్థను 1984లో మొదలుపెట్టిన చంద్రహాసన్ స్వయంగా శరణార్థే.

అపోహ: ఇల్లు, నెలనెలా డబ్బు ఇస్తే బతుకు కుదుటపడ్డట్టే.

వాస్తవం: 2021లో ఇంటి పెద్దకు 1,500, మిగతా పెద్దలకు 1,000, పిల్లలకు 500 రూపాయలుగా నెలసరి సాయం పెంచారు. అది బియ్యం, పప్పు ఖర్చులకు ఆసరా. మగ్గం ఒక్కటే ఉంటే లుంగీ రాదని గుడియాత్తం నేతగాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. నూలు కావాలి, అప్పు పుట్టాలి, అప్పు పుట్టడానికి పేరున ఏదో ఒక కాగితం ఉండాలి. శరణార్థికి లేనిది ఆ కాగితమే. పౌరసత్వం లేక ప్రభుత్వోద్యోగం రాదు, భారత పాస్‌పోర్టు రాదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక పేరు లేదు. 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదైనవాళ్ళకు 2025 సెప్టెంబరులో కేంద్రం శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చింది. అది శిక్ష తప్పించింది కానీ పౌరసత్వం ఇవ్వలేదు.

ఇల్లు కట్టడం రాష్ట్రం చేతిలో పని, అది సాగుతోంది. పౌరసత్వం కేంద్రం చేతిలో పని, అది ఇంకా మొదలుకావాలి.