వృద్ధాశ్రమాలలో సంరక్షణ ప్రమాణాలు: ములుగు జిల్లాలో పరిశీలించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

అయినవారి ఆదరణకు దూరమై, ఒంట్లో సత్తువ ఉడిగిన నిరుపేద వృద్ధులకు ఆశ్రమమే చివరి ఇల్లు. అక్కడ అందే సేవల నాణ్యతను పరిశీలించడం అధికారులకు, పాత్రికేయులకు ఉమ్మడి బాధ్యత. తనకు జరుగుతున్న లోపాన్ని ఆశ్రమవాసి సాధారణంగా బయటకు చెప్పుకోలేడు. చెబితే ఉన్న నీడ కూడా పోతుందేమోనన్న భయం ఆయనను వెన్నాడుతూ వుంటుంది. అందువల్ల ఫిర్యాదులు రాలేదన్న కారణంతో సేవలు సక్రమంగా వున్నాయని నిర్ణయించరాదు. చట్టం నిర్దేశించిన ప్రమాణాలను కొలబద్దగా తీసుకుని, స్వయంగా చూసి తెలుసుకోవలసి వుంటుంది.

చట్టపరమైన నేపథ్యం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 సంవత్సరాలు పైబడినవారు 10.38 కోట్ల మంది వున్నారు. వీరి రక్షణ నిమిత్తం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో రూపొందింది. దీని అమలుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో నియమావళి వెలువడింది. ప్రతి జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వయోవృద్ధులకు సరిపడే ఆశ్రమాలను దశలవారీగా నెలకొల్పవచ్చునని చట్టంలోని 19వ సెక్షన్ పేర్కొంటున్నది. వాటి నిర్వహణకు, సేవల ప్రమాణాలకు ఒక పథకాన్ని నిర్దేశించే అధికారాన్ని కూడా రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రతి జిల్లాలో ఎన్ని ఆశ్రమాలు వున్నదీ రాష్ట్రాల నుంచి వివరాలు సేకరించి నివేదించాలని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

సంరక్షణ గృహాలన్నింటికీ రిజిస్ట్రేషన్‌ను, కనీస ప్రమాణాలను తప్పనిసరి చేసే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చినప్పటికీ, 2024లో సభ రద్దుతో అది మురిగిపోయింది. ఈ దృష్ట్యా జిల్లా స్థాయిలో జరిగే తనిఖీల ప్రాధాన్యం మరింత పెరిగింది. 2020 జనవరిలో మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా నాగారంలో వృద్ధాశ్రమం పేరిట నడుస్తున్న ఒక ప్రయివేటు గృహంలో ఆశ్రయం పొందినవారిని గొలుసులతో బంధించి వుంచిన సంగతి పోలీసుల తనిఖీలోనే బయటపడింది.

వసతి, భోజనం, వస్త్రాలు

చట్టానికి అనుబంధంగా రూపొందిన నమూనా నియమాల ప్రకారం పడకగదిలో ఒక్కొక్కరికి కనీసం 7.5 చదరపు మీటర్ల స్థలం వుండాలి. వంటగది, భోజనశాల, వైద్యపు గది వంటివి కలుపుకుని, వరండాలు మినహాయించి, తలా 12 చదరపు మీటర్లు వుండాలి. స్త్రీపురుషులకు వేర్వేరు వసతి కల్పించాలి. భార్యాభర్తలకు, రక్తసంబంధీకులకు ఈ నిబంధన వర్తించదు. తాగునీరు, ఫ్యాన్లు, వికలాంగులకు అనువైన మరుగుదొడ్లు, వార్తాపత్రికలు, పుస్తకాలు, టెలివిజన్, రోగుల గది వుండి తీరాలి. పోషకాహారంతోబాటు చలికాలానికి తగిన దుస్తులు, దుప్పట్లు అందజేయాలి. దరఖాస్తుల పరిశీలనలో కులమత భేదాలు పాటించరాదు. నిర్వహణ సంఘంలో ఆశ్రమవాసులకు కూడా తగిన ప్రాతినిధ్యం వుండాలి.

ఇవి వున్నాయా లేవా అన్నంతటితో పరిశీలన పూర్తికాదు. పళ్లూడిన వృద్ధునికి గట్టి అన్నం వడ్డిస్తే భోజనం పెట్టినట్లు పుస్తకంలో నమోదవుతుంది గాని ఆయన కడుపు నిండదు. మెత్తని అన్నం, జావ, గటక వంటివి ఇస్తున్నదీ లేనిదీ, ప్రతి నెలా బరువు తూచి రాస్తున్నదీ లేనిదీ గమనించాలి. కారణం తెలియకుండా బరువు తగ్గుతూ వుంటే అది అనారోగ్యానికైనా, అశ్రద్ధకైనా సూచన కావచ్చును.

వైద్యం, రాత్రివేళ సంరక్షణ

అత్యవసర చికిత్సకు సమీప ప్రభుత్వ ఆసుపత్రితోను, భద్రతకు సమీప పోలీస్ స్టేషన్‌తోను ఏర్పాట్లు చేసుకోవాలని నమూనా నియమాలు సూచిస్తున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో వయోవృద్ధులకు వీలైనంతవరకు పడకలు, ప్రత్యేక వరుసలు కల్పించాలని చట్టంలోని 20వ సెక్షన్ చెబుతున్నది. ఆశ్రమంలో ఒక్కొక్కరికి విడిగా మందుల పట్టిక వుండాలి. బి.పి., మధుమేహం మందులు వేళకు ఇచ్చినట్లు సంతకంతో నమోదు కావాలి. మంచం పట్టినవారిని రెండేసి గంటలకొకసారి పక్కకు ఒత్తిగిలించకపోతే పడక పుండ్లు ఏర్పడే ప్రమాదం వుంది. రాత్రి మరుగుదొడ్డికి వెళుతూ జారిపడి తుంటి ఎముక విరిగినవారు తిరిగి నడవలేకపోవడం తరచుగా చూస్తున్నదే. కనుక దారిలో దీపం, గోడకు పట్టుకునే కడ్డీ, పిలిస్తే పలికే సహాయకుడు వుండడం అత్యవసరం. ఈ కారణంగా పగటి తనిఖీతోబాటు ముందస్తు సమాచారం లేని రాత్రి తనిఖీ కూడా అవసరమవుతుంది.

ములుగు జిల్లా పరిస్థితులు

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో భాగమైన ములుగు 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 ఫిబ్రవరి 17న ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. దీనితో జిల్లాకొక ఆశ్రమమన్న చట్ట ప్రమాణం ములుగుకు విడిగా వర్తిస్తున్నది. అడవులు, ఆదివాసీ గూడేలు విస్తరించిన ఈ జిల్లాలో గోదావరి ఆవల వాజేడు, వెంకటాపురం మండలాలు వున్నాయి. అక్కడి వృద్ధునికి జిల్లా కేంద్రం దూరాభారం. ఏటూరునాగారం, తాడ్వాయి ప్రాంతాలలోని కోయ వృద్ధులలో కొందరికి తమ బాధను మాతృభాషలో చెప్పుకోవడమే సులువు. కోయభాష తెలిసిన సహాయకులు వుంటే వ్యాధి వివరం వైద్యునికి సరిగా చేరుతుంది. రెండేళ్లకొకసారి జరిగే మేడారం జాతర వేళ వనదేవతల ప్రసాదమైన బెల్లం ఆశ్రమవాసికి అందించడం, కదలగలిగినవారిని దర్శనానికి తీసుకువెళ్లడం వంటివి కూడా సంరక్షణలో భాగమే.

తనిఖీ విధానం, సహాయ మార్గాలు

తనిఖీకి వెళ్లినవారు నిర్వాహకులు పక్కన లేకుండా ఆశ్రమవాసులతో ఏకాంతంగా మాట్లాడాలి. నిన్న రాత్రి ఏమి తిన్నారు, చివరిసారి వైద్యుడు ఎప్పుడు చూశారు, పింఛను సొమ్ము ఎవరి చేతిలో వుంది, ఇంటివారితో మాట్లాడే వీలుందా అన్న ప్రశ్నలు అడగాలి. వచ్చిన సమాధానాలను రికార్డులతో సరిచూడాలి. పాత్రికేయులు అనుమతి లేనిదే వృద్ధుల పేర్లు, ఫోటోలు ప్రచురించరాదు.

పోషణ కోరే వృద్ధులు సబ్‌డివిజన్ స్థాయి ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చును. నోటీసు జారీ అయిన 90 రోజులలో, ప్రత్యేక పరిస్థితులలో మరో 30 రోజులలో, ట్రైబ్యునల్ దానిని పరిష్కరించాలి. సంరక్షణ బాధ్యత వుండీ వృద్ధులను పూర్తిగా విడిచిపెట్టినవారికి 24వ సెక్షన్ క్రింద మూడు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. సలహాకు, సహాయానికి 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చును. ఈ నంబరును ప్రతి ఆశ్రమంలో వృద్ధుల కంటికి ఆనేలా పెద్ద అక్షరాలతో గోడపై రాయించి, వారు స్వేచ్ఛగా మాట్లాడుకునేందుకు ఫోన్ అందుబాటులో వుంచవలసి వుంది.