మా వియ్యాలవారి వేట

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, మాడిసన్ నది లోయలో ఎన్నిస్ అని చిన్న ఊరుంది. అక్టోబరు చివర్లో రైఫిల్ వేట సీజన్ మొదలవుతుందనగా ముందురోజు అక్కడి మెయిన్ స్ట్రీట్‌లో వేటమాంసం వండి వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తారు. మా అమ్మాయి అత్తవారిది ఆ లోయే. సంక్రాంతికి మనవాళ్లు ఎక్కడున్నా ఊరు చేరినట్టు, ఈ సీజన్‌కి వాళ్ల పిల్లలు, మనవలు అందరూ ఇల్లు చేరతారు.

నేను వరంగల్‌లో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏటా పిల్లల్ని పాకాల అడవికి తీసుకెళ్లి దుప్పుల అడుగుజాడలు చూపించినదాన్ని. అలాంటిది వేటాడే ఇంటికి పిల్లనిచ్చాను. ఆ ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాక ఒక సంగతి గట్టిగా అనిపించింది. ఎవరు, ఎప్పుడు, ఎన్నింటిని కొట్టొచ్చో చట్టం చెబుతుంది. ఎప్పుడు కొట్టకూడదో, కొట్టాక ఏం చేయాలో నేర్పే పని చాలావరకు ఇంటివాళ్లదే.

ముందు వాళ్లు వేటాడే ఎల్క్ గురించి. జింకల జాతిలో, ఆ ఖండంలో దీన్ని మించింది మూస్ ఒక్కటే. మగది మూడు వందల కిలోలు దాటుతుంది. కొమ్ములు మగవాటికే ఉంటాయి. వసంతం వస్తూనే రాలిపోయి మళ్లీ కొత్తవి మొలుస్తాయి. సెప్టెంబరులో, జతకట్టే రోజుల్లో మగది పెట్టే కేక విని తీరాలి. ఈలలా సన్నగా మొదలై, కొండ ఎక్కినట్టు పైకి లేచి, చివర్లో గుర్రుమంటూ తెగిపోతుంది. అంత పెద్ద జంతువు గొంతు అంత సన్నగా ఉంటుందని నేనైతే అనుకోలేదు.

ఈ జంతువు ఒకప్పుడు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1900ల మొదటి ఏళ్లకు ఉత్తర అమెరికా మొత్తం మీద లక్ష కూడా మిగల్లేదు. మాంసం, చర్మం అమ్ముకోవడానికి మందలకు మందలను కొట్టారు. పైదవడలో ఉండే రెండు దంతాల కోసం కొట్టి, మిగతాది అడవిలో వదిలేసినవాళ్లూ ఉన్నారు. దొంగవేట సరుకు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోకుండా 1900లో లేసీ చట్టం అడ్డుకట్ట వేసింది. ఎల్లోస్టోన్ పార్కులో మిగిలిన మందల నుంచి ఎల్క్‌లను పట్టి, అవి అంతరించిన రాష్ట్రాలకు పంపారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చాక రైఫిళ్ల మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతోంది. ఇవాళ ఎల్క్‌లు పది లక్షల దాకా ఉన్నాయి. మా వియ్యంకుడు తూటాల పెట్టె కొన్నప్పుడల్లా అందులో కొంత ఆ కొండలకే పోతుందన్న మాట. వేటాడిన మాంసాన్ని మాత్రం అమ్మడానికి వీల్లేదు. తినాలి, లేదా ఎవరికైనా ఊరికే ఇవ్వాలి.

మన దగ్గర కథ వేరు. సంస్థానాల కాలంలో షికారు దొరల సరదా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఇవాళ దుప్పిని కొడితే జైలే. మనకున్న కాస్త అడవికి, ఇంత జనాభాకు ఆ నిషేధం ఉండాల్సిందే. వాళ్ల పద్ధతి ఇక్కడికి తెమ్మని నేను అనను. వాళ్ల నేల మీద వాళ్లు దాన్ని ఎలా నడుపుతున్నారో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ ఇంట్లో ఒక వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ ఉంది. అల్లుడి తాతగారు యాభైల్లో కొన్నది. ఆయన చెంప ఆనించిన చోట చెక్క మీద పాలిష్ పోయి నున్నగా మెరుస్తుంది. ఆయన పోయాక కొడుకుకు, ఆయన నుంచి మా అల్లుడికి వచ్చింది. దానితోపాటే కంచె దాటే పద్ధతీ వచ్చింది. ముళ్లకంచె ఎదురైతే ముందు రైఫిల్లో తూటాలు తీసేయాలి. గొట్టం మనుషుల వైపు లేకుండా కంచె కింద నుంచి అవతలికి నేల మీద పెట్టాలి. ఆ తర్వాతే మనిషి దాటాలి. పన్నెండేళ్ల మా మనవరాలు వేట శిక్షణ తరగతిలో ఇదే చదివి పరీక్ష పాసైంది. కానీ కంచె దగ్గర ఆమె ఆగిన తీరు పుస్తకంలోంచి వచ్చింది కాదు. వాళ్ల నాన్న, తాత ఎన్నోసార్లు అలా ఆగడం చూస్తూ పెరిగింది.

అక్కడ సాధారణ సీజన్‌కి ముందు గురు, శుక్రవారాలు పది నుంచి పదిహేనేళ్ల పిల్లలకు కేటాయించారు. పెద్దవాళ్లు వెంట ఉండాలి. ఆ రెండు రోజులు జింకలనే కొట్టొచ్చు, ఎల్క్‌లను కాదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి వేట మొదలుపెట్టొచ్చు. నడుం పైభాగాన కనీసం నాలుగు వందల చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు బట్ట ఉండాలి. చూడవచ్చిన నాకూ ఒక చొక్కా తొడిగారు. ఆ లోయ పక్కనున్న గ్రావెల్లీ కొండల్లో గ్రిజ్లీ ఎలుగులు తిరుగుతాయి గనుక వియ్యంకుడి నడుముకు ఎలుగులను తరిమే స్ప్రే డబ్బా వేలాడుతోంది.

సేజ్ పొదల వాలు మీద మ్యూల్ జింకలు కనిపించాయి. గాడిద చెవుల్లాంటి పెద్ద చెవులు. బెదిరితే నాలుగు కాళ్లూ ఒక్కసారి నేలకు తన్ని ఎగురుతాయి, కొంత దూరం పోయి వెనక్కి తిరిగి చూస్తాయి. మగది ఒకటి అలాగే ఆగి చూసింది. మనవరాలు బోర్లా పడుకుని, బ్యాగు మీద రైఫిల్ ఆనించి గురి చూసింది. జంతువు పక్కకు తిరిగి నిలబడింది, దూరం తక్కువ. మా అల్లుడు ఒక్క మాట మాట్లాడలేదు. చాలాసేపటికి పిల్ల వేలు పక్కకు తీసి, సేఫ్టీ వేసి, తల ఎత్తింది. జింక శిఖరం అంచున ఉంది, దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు.

"తూటా ఎక్కడ పడుతుందో నాకు తెలీదు కదా, అమ్మమ్మా," అంది కొండ దిగుతుంటే.

వాళ్ల తాత ఆమె టోపీ మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కాడు. మధ్యాహ్నం ఆమె ఇంకో జింకను కొట్టినప్పుడు కూడా ఆయన అంత సంతోషించినట్టు నాకనిపించలేదు.

ఆ రెండోది ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట తగిలి కాస్త దూరంలోనే పడిపోయింది. పిల్ల ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వేట అనుమతి ట్యాగు పని పూర్తి చేశారు, ఆ తర్వాతే కత్తులు తీశారు. వేడి త్వరగా దిగకపోతే మాంసం చెడుతుంది. పొట్ట చీల్చి పేగులు తీసేటప్పుడు ఉచ్చబుడ్డ, పేగు తెగకుండా రెండు వేళ్ల మధ్య కత్తి మొన పెట్టి, అంచు పైకి తిప్పి కోయాలి. మా అల్లుడు పిల్ల చెయ్యి పట్టుకుని అది చేయించాడు. గుండె బయటికి తీశాక అందులో తూటా దారిని నేనే ఆమెకు చూపించాను. ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన నాలుగు గదులూ నా అరచేతిలో వెచ్చగా ఉన్నాయి.

తర్వాత పనంతా వంటింట్లోనే. బల్ల మీద కండ విడదీయడం, తెల్లటి పొరలు ఒలవడం, మిగిలింది కీమా కొట్టడం, కాగితంలో చుట్టి తేదీ రాయడం. ఎల్క్ దొరికిన ఏడు ఈ పని రోజులు పడుతుంది. పెద్దదైతే ఒక్కదాన్నుంచే వంద కిలోల దాకా ఎముకలేని మాంసం వస్తుంది. కత్తి పట్టలేని చిన్నపిల్లలు కాగితాలు చింపి ఇస్తారు. వెన్నుకండలో మొదటి పొట్లం, వయసైపోయి కొండ ఎక్కలేని పొరుగాయనకు. అది తాతగారి కాలం నుంచి వస్తున్న వాడుక.

ఎల్క్ దంతాలు మాత్రం మా వియ్యపురాలి దగ్గర ఒక చిన్న పెట్టెలో ఉంటాయి. మోంటానాలోని క్రో జాతి స్త్రీల దుస్తులకు వీటిని వరసలుగా కుట్టేవారు. ఒక్కో జంతువుకు రెండే గనుక, నిండుగా కుట్టిన దుస్తు వెనక ఎన్నో ఏళ్ల వేట ఉండేది. ఇది నాకు ఆవిడే చెప్పింది. ఆ నేల మీద తమకంటే ఎంతో ముందునుంచి వేటాడినవాళ్లు ఉన్నారని పిల్లలకు తెలియాలంటుంది.

ఇప్పుడు వాళ్లను భయపెడుతున్నది క్రానిక్ వేస్టింగ్ అనే జబ్బు. జింకల, ఎల్క్‌ల మెదడును తినేసే ఈ రోగానికి మందు లేదు. మోంటానా అడవి జింకల్లో 2017లో మొదటిసారి బయటపడింది. మనుషులకు సోకినట్టు రుజువు లేకపోయినా, రోగమున్న జంతువు మాంసం తినొద్దనే చెబుతారు. గొంతు దగ్గరి గ్రంథులు పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా పొట్లాలను విడిగా ఉంచారు. లేదని తేలాక కూర నేను వండాను. కొవ్వు బొత్తిగా ఉండదు గనుక నూనె కాస్త ఎక్కువ పోసి, అల్లంవెల్లుల్లి, ధనియాలపొడి వేసి సన్నసెగ మీద ఉడకనిచ్చాను. మా వియ్యంకుడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

కొన్ని ప్రాంతాల్లో ఎల్క్ పర్మిట్ లాటరీలో వస్తేనే దొరుకుతుంది. దరఖాస్తుకు గడువు ఏప్రిల్ 1. భోజనాలయ్యాక మనవరాలు బల్ల మీద మ్యాపు పరిచింది. దగ్గరి కొండకు పెడదామని ఆమె, అక్కడ మందలు పలచబడ్డాయి, వాటిని రెండేళ్లు వదిలేయాలని తాత. నేను గిన్నెలు తోమి వచ్చేసరికి కూడా ఆ వాదన తేలలేదు.